సుద్ద గీతల మీద నిలబడ్డ మాటలు

మొన్న మా మనవరాలు ట్యాబ్‌లో తెలుగు పాఠం చదువుకుంటుంటే పక్కన కూర్చున్నాను. రంగు గళ్ళలోని మాటలు జరుగుతూ వెళ్ళి వాక్యంలో తమ తమ చోట్ల కుదురుకుంటున్నాయి. పిల్ల కేరింతలు కొడుతోంది, నాకేమో ఒళ్ళు మండిపోయింది. ఈ వయసులో బొమ్మల పాఠం మీద అసూయేమిటని మీరు నవ్వవచ్చు గానీ, ఈ మంట పాతికేళ్ళ నాటిది.

అప్పట్లో హైదరాబాదు ఫిల్మ్ నగర్‌లో ఒక బడిలో తెలుగు మాస్టారిని. కోస్తా నుంచి వచ్చినవాణ్ణి, విభక్తులు వల్లె వేయించడంలో నన్ను మించినవాడు లేడని నా ధీమా. రహమత్ నగర్ నుంచి నడిచి వచ్చే తెలుగు టీచరమ్మ ఒకావిడ ఉండేది, నాకంటే పదేళ్ళు చిన్న. షూటింగుల్లో నటులు నిలబడే చోట నేల మీద గుర్తు పెడతారని లైట్‌మన్ల పిల్లలు చెప్పగా విని, ఆవిడ తరగతి గదిలో సుద్దతో గీతలు గీసి, మెడలో మాటల అట్టలు వేసుకున్న పిల్లల్ని వాటి మీద నిలబెట్టేది. ఒకడు పక్కకు తప్పుకుంటే వాక్యం ఎలా కుంటుపడుతుందో వెనక బెంచీవాడికి కూడా కనబడేది. ఆ గదిలోంచి నవ్వులు వినబడ్డప్పుడల్లా నా గది తలుపు మూసేసుకునేవాణ్ణి.

సాఫ్ట్‌వేర్ ఊపులో తల్లిదండ్రులకు తెలుగు బరువైపోయి, బడివాళ్ళు పదో తరగతి తెలుగుకు ఒక్కరే చాలన్నారు. పిల్లలంతా ఆవిడే కావాలన్నారు. నేను హెడ్మాస్టరు గారి గదికి వెళ్ళి, ఆవిడ భాష శుద్ధంగా ఉండదండీ, పిల్లలు పరీక్షలో గిట్ల గట్ల అని రాస్తే బడి పరువేం కావాలని మెత్తగా నూరిపోసి వచ్చాను. మర్నాటికల్లా పదో తరగతి నాదైంది, ఆవిడను మూడో తరగతికి మార్చారు.

తీరా నేను పాఠం మొదలుపెడితే పిల్లలు ఆవులింతలు. ఒక మధ్యాహ్నం సిగ్గు విడిచి, ఖాళీ గదిలో నేనే సుద్దముక్కతో గీస్తుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికి వచ్చి సుద్ద అందుకుని, "జర దూరం దూరం గీయాలె సార్, పిల్లలు మెదలనీకి జాగ కావాలె" అని, గది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తానే గీసి ఇచ్చింది. చెప్పుతో కొట్టినా అంత బాధ ఉండేది కాదు. చేసిన పని చెప్పేద్దామనుకుని, గీతలు బాగున్నాయండీ అని మాత్రం అన్నాను. ఆ ఏడాది చివర ఆవిడ బడి మానేసింది.

ఇప్పుడు ఆ యాసకే సినిమా హాళ్ళలో ఈలలు వేస్తున్నారు, నేను వల్లె వేయించిన విభక్తులు నా పిల్లలకే గుర్తులేవు. కాలం ఆవిడ వైపే వెళ్ళింది, పోనీలెండి. కానీ చాన్నాళ్ళకు హెడ్మాస్టరు గారు కనబడి, ఫిర్యాదు ఎవరిదో ఆవిడకు మూడో తరగతికి మార్చిన రోజే చెప్పేశానన్నారు. అంతా తెలిసే గీసి ఇచ్చిందన్నమాట. అలా ఇవ్వడం నాకు ఈ జన్మలో రాదు, అందుకే ఇప్పటికీ ఆవిడను తలచుకుని కుళ్ళుకుంటూనే ఉన్నాను.