తెల్లపక్షి ఒంటి పొడి

మనవరాలికి స్నానం చేయించి పౌడరు రాస్తుంటే, చేతికంటిన తెలుపు చూసి ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

నా ఎనిమిదో ఏట, కిదిర్‌పూర్ ఓడరేవు డాకులో పనిచేసే నాన్న ఓడవాళ్ల దగ్గర ముచ్చటపడి ఒక కాకటూ చిలకని కొన్నాడు. తెల్లటి పక్షి, తల మీద పసుపు కుచ్చు. నిమిరితే చేతికి తెల్లపొడి అంటేది. ఆదివారం సంతలో పిట్టలకి రంగులేసి అమ్మడం చూసినదాన్ని. ఇదీ మామూలు పచ్చ చిలకేననుకున్నాను. చలికాలం పొద్దున, పార్టీవాళ్లు కొడవలి గుర్తు గీసిన గోడ పక్క కుళాయి కింద పెట్టి సబ్బుతో రుద్దాను.

"ఏటి సేస్తన్నావే!" అంటూ నాన్న పక్షిని లాక్కున్నాడు.

"రంగు కడిగేస్తన్నాను నాన్నా. నిన్ను మోసం సేసినారు."

మర్నాటికి పక్షి చచ్చిపోయింది. నాన్న దాన్ని నాకు చూపించకుండా తన గమ్ఛా తువ్వాలులో చుట్టేసి, "నువ్వన్నదే నిజిమమ్మా. లోపల పచ్చసిలకే" అన్నాడు.

ఆ పొడి దాని ఈకల్లోంచే పుట్టి, దాన్ని తడి నుంచి కాపాడుతుందని చదివేదాకా ఆ మాటే నమ్మాను.