అలిగిన రోజు పేర్చిన పూలు

రాలని ఆకులు రాలాయని నా కూతురి చేత అబద్ధం రాయించడానికి నేను ఒప్పుకోలేదు. గొడవంతా అక్కడే మొదలైంది. ఇన్నేళ్లయినా అందుకు నాకేమీ విచారం లేదు.

తొంభైల చివర్లో మేం అనంతపురం నుంచి కొండాపూర్‌కు వచ్చాం. మాదాపూర్‌లో అప్పుడప్పుడే లేస్తున్న అద్దాల మేడల్లో మా ఆయనకు కంప్యూటర్ ఉద్యోగం. మేం అద్దెకున్న ఇంటి వెనక ఇంకా రాళ్లగుట్టలు, తంగేడు పొదలు ఉండేవి. మధ్యాహ్నమైతే ఎక్కడో ఒక బండను పేల్చేవాళ్లు, మా కిటికీ రెక్కలు గడగడలాడేవి. మాకు ఒక్కతే కూతురు, రెండో తరగతి. అనంతపురంలో దాని నోటికి తాళం వెయ్యడం ఎవరి తరమూ కాలేదు. ఇక్కడ ఇంగ్లీషు మీడియం బడిలో చేరిన నెల తిరక్కుండానే క్లాసులో నోరు తెరవడం మానేసింది. ఆగస్టులో టీచరు డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపింది, మీ అమ్మాయి ఒక్క మాట కూడా మాట్లాడదు, ఇలాగే ఉంటే పై తరగతికి పంపడం కష్టం అని.

నేను బతిమాలాను, బెదిరించాను. ఒకరోజు విసుగెత్తి వీపు మీద ఒకటి ఇచ్చాను కూడా. దాంతో పిల్ల ఇంట్లోనూ మాటలు తగ్గించింది. అడిగినదానికి తల ఊపడం, లేదంటే గోడకేసి చూడడం. పై తరగతి సంగతి దేవుడెరుగు, వాగుడుకాయలాంటి నా కూతురు ఎక్కడికి పోయిందా అని నాకు లోపల గుబులుగా ఉండేది.

అలాంటప్పుడు దసరా సెలవులొచ్చాయి, వెంట హోంవర్కు కాగితం వచ్చింది. ఇంగ్లీషు వాచకంలో ‘ఆటమ్’ అని, ఆకులు రాలే కాలం మీద ఒక పాఠం. బొమ్మలో కోట్లు తొడుక్కున్న పిల్లలు నారింజ రంగు ఆకుల కుప్పలో దొర్లుతున్నారు. పిల్లలు సెలవుల్లో పది రాలిన ఆకులు ఏరి చార్టు మీద అతికించాలి, ఎరుపు, నారింజ, గోధుమ అని రంగులు రాయాలి. నేను పిల్లను వెంటబెట్టుకుని ఇంటి వెనకంతా తిరిగాను. ఒక్క ఆకు రాలితే ఒట్టు. వానలు వెనకబట్టి వారమైనా కాలేదు, వేపచెట్టు నవనవలాడుతోంది. మా దగ్గర ఆకులు రాలేది మాఘం దాటాక అని ఆ పుస్తకం రాసినవాళ్లకు తెలియదు, సరే. కిటికీలోంచి వేపచెట్టు కనబడే క్లాసులో కూర్చుని ఆ పాఠం చెప్పేవాళ్లకైనా తెలియదా?

“రంగు కాగితాలు తెచ్చి ఆకుల్లాగా కత్తిరిస్తే పోలా?” అన్నాడు మా ఆయన. “ఎందుకొచ్చిన పంతం? అసలే దాని మీద రిమార్కు ఉండాది.”

“కళ్లముందర లేనిది ఉండాదని రాయమంటే దానికి నోరెట్లొస్తాది?” అన్నాను నేను.

ఆ కాగితాన్ని బియ్యం డబ్బా కింద పెట్టేశాను. సెలవులు సెలవుల్లాగే గడపాలని తీర్మానించాను. మొదటి రెండు రోజులు బొరుగుల ఉండలు చేశాం. బొరుగులంటే ఇక్కడివాళ్ల మరమరాలు. బెల్లం పాకం నేను పట్టేదాన్ని, వేడి తగ్గాక చేతికి నెయ్యి రాసుకుని పిల్ల ఉండలు చుట్టేది. ఒకటి నిమ్మకాయంత, ఒకటి కొబ్బరికాయంత. పాత శుభలేఖలు మడిచి బొమ్మల కొలువుకు కుర్చీలు, అగ్గిపెట్టెలతో బీరువా చేశాం. పిల్ల చేతులు చకచకా కదిలేవి. మాట మాత్రం లేదు.

సాయంత్రాలు మా వీధిలో ఊరి ఆడవాళ్లు బతుకమ్మలు తెచ్చి మధ్యలో పెట్టి చుట్టూ తిరుగుతూ ఆడేవాళ్లు. మా సీమలో ఆ పండగ లేదు. అయిదు సాయంత్రాలు పిల్లా నేనూ గేటు పట్టుకుని చూశాం. తాంబాళంలో గుమ్మడాకులు పరవడం, గునుగు పూలకు రంగులద్దడం, వరస మీద వరస గుండ్రంగా పేర్చుకుంటూ పైకి పోవడం, శిఖరాన పసుపు గౌరమ్మను నిలపడం, అన్నీ కళ్లతోనే నేర్చేసుకున్నాను. ఎవరినీ ఒక్క ముక్క అడగలేదు. అడగడం నాకు నామోషీ. చదువుకున్నదాన్ని, పూలు పేర్చడం చేతకాదా అనుకున్నాను.

ఆరో రోజు పొద్దున్నే ఇద్దరం గుట్టల్లోకి పోయాం. తంగేడు, గునుగు ఒడినిండా కోసుకొచ్చాం. గునుగు కాడలు ఒకే పొడవుకు కత్తిరించి, గుత్తులుగా దారం చుట్టి, గిన్నెల్లో కలిపిన ఎర్రరంగు, ఊదారంగు నీళ్లలో ముంచాం. పిల్ల మోచేతుల దాకా ఊదారంగు. మధ్యాహ్నానికి మూరెడు ఎత్తు బతుకమ్మ తయారైంది. కాస్త పక్కకు ఒరిగింది గానీ, నా కంటికి అంత అందమైనది ఆ వీధిలో లేదు. ఎత్తుకొచ్చి వాకిట్లో షాబాదు బండ మీద పెట్టాను, అందరూ చూడాలని.

ముందువాటాలో ఉండే ఇంటి యజమానురాలు బయటికొచ్చింది. పుట్టింది, మెట్టింది కొండాపూర్‌లోనే. మేం అవ్వా అని పిలిచేవాళ్లం. మా బతుకమ్మను చూసి చెంపలు వేసుకుంది.

“ఏంది బిడ్డా గిట్ల చేసినవ్? ఇయ్యాల ఆరో దినం. అలిగిన బతుకమ్మ. ఇయ్యాల ఎవ్వలు పేర్వరు.”

ఎదురింటి ఆడవాళ్లు కూడా తొంగి చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు ఒప్పుకునే గుణం నాకెప్పుడూ లేదు.

“మాకు తెల్దవ్వా. పొద్దన్నుంచి కష్టపడి చేసినాం. ఇప్పుడేంటికి విప్పల్ల? మీ బతుకమ్మ మీ మీద అలిగింటాదేమో, మా మీద అలగలేదు కదా.”

“మీ మీద, మా మీద అని ఉంటదా బిడ్డా? అలిగినామె అలిగినట్టే.”

“నేను విప్పను” అన్నాను.

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు వినబడింది. నా కూతురిది. నన్ను కాదు, అవ్వను అడుగుతోంది.

“అవ్వా, అలిగితే ఏం చేస్తారు?”

“ఏం జేస్తరు పిల్లా? ఊకె ఉంటరు. ఒక్క దినం ఆమె జోలికి పోరు. తెల్లారినంక మల్ల పూలు తెచ్చుకుంటరు, పేరుస్తరు.”

“మాట్లాడు మాట్లాడు అని స్కేలుతో కొట్టరా?”

అవ్వ నాకేసి చూసింది. నేను పిల్లకేసి చూశాను. పిల్ల తన ఊదారంగు వేళ్లకేసి చూసుకుంటోంది.

“అలిగినోళ్లను కొడ్తరా తల్లీ?” అంది అవ్వ, నెమ్మదిగా.

బడిలో తెలుగు మాట దొర్లినప్పుడల్లా నా బిడ్డ వేళ్ల మీద స్కేలు పడిందని, అందుకే ఏ మాటా వద్దనుకుందని ఆ మధ్యాహ్నం ఆ బండ మీద కూర్చుంటే ఒక్కొక్కటిగా తెలిసింది. బడి మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కానీ వీపు మీద ఒకటి ఇచ్చింది టీచరు కాదు, నేను. ఆ సంగతి పిల్ల అవ్వకు చెప్పలేదు. చెప్పకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

మారుమాట్లాడకుండా బతుకమ్మను విప్పాను. పూలన్నీ తడిగుడ్డలో చుట్టి నీళ్ల బకెట్ పక్కన పెట్టాం. “ఇయ్యాల అమ్మకు నైవేద్యం లేదుగని, పిల్లల కడుపు అలుగుతదా?” అంటూ అవ్వ చపాతీలు కాల్చుకొచ్చింది. వాటిని తుంచి, బెల్లం, నెయ్యి వేసి పిసికి మలీద ముద్దలు చేశాం. ఆ రోజంతా నేను నా కూతుర్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడక్కుండా ఉండడం నాకు ఎంత కష్టమో ఆ దేవుడికే తెలియాలి.

తెల్లారి అదే లేచి నన్ను తట్టింది. “అమ్మా, తంగేడు పూలు చాలవు, ఇంకొన్ని కోసుకొద్దాం పా.” ఈసారి అవ్వ దగ్గర కూర్చుని పేర్చింది, నేను పూలందించాను. సాయంత్రం అందరితో కలిసి ఆడింది. పాట రాకపోయినా గట్టిగా పాడింది.

చార్టు సంగతి నేను మరిచిపోలేదు. మిగిలిన గునుగు, తంగేడు, ఒక గుమ్మడాకు పాత వార్తాపత్రికల మధ్య ఆరబెట్టి, పండగయ్యాక చార్టు మీద గుండ్రంగా అతికించాం. పండగ దాటాక ఇలా చెయ్యొచ్చా అని ముందే అవ్వను అడిగాను. అడగడం అప్పటికి నేర్చుకున్నాను. “కాగితానికి అతికిస్తే బొమ్మనే గద, ఏం గాదు” అంది. పైన పిల్ల తన వంకర అక్షరాలతో ‘మా ఇంటి వెనక’ అని తెలుగులో రాసింది.

బడి తెరిచిన రోజు నేనూ వెంట వెళ్లాను. టీచరు చార్టు చూసి ముఖం చిట్లించింది. “ఆకులు అతికించమంటే ఇదేంటండీ? మార్కులు వెయ్యడం కుదరదండీ.”

“వెయ్యద్దండి మేడం” అన్నాను. “మీ కిటికీ బయట ఒక్క రాలిన ఆకు చూపించండి, రేప్పొద్దునకల్లా పది తెచ్చిస్తాను. ఇంకో మాట. స్కేలు నా బిడ్డ చేతి మీద ఇంకొకసారి పడితే నేను పెద్ద మేడం గదిలో కూర్చుంటాను, లేవను.”

ఆమె కిటికీకేసి చూసింది. చార్టుకు సున్నా వేసింది. ఆ సున్నా ఉన్న చార్టును తెచ్చి మా ముందుగదిలో, వచ్చినవాళ్లందరికీ కనబడేలా మేకుకు తగిలించాను. మా ఆయన ఒకసారి తీసేశాడు, మళ్లీ తగిలించాను.

దీపావళి దాటాక డైరీలో మళ్లీ ఎర్ర సిరా. మా ఆయన ముందు చదివి, దిగులు ముఖంతో నా చేతికిచ్చాడు. మీ అమ్మాయి క్లాసులో ఆపకుండా మాట్లాడుతోంది, అదీ తెలుగులో, పక్కవాళ్లను కూడా మాట్లాడిస్తోంది, తల్లిదండ్రులు మందలించి సంతకం చేయవలెను అని ఉంది.

రెండుసార్లు చదువుకున్నాను. వంటింట్లో పిల్ల అవ్వకు ఏదో చెబుతోంది, ఊపిరి తీసుకోకుండా. సంతకం చేశాను. దాని కింద తెలుగులోనే ఇంకో మాట రాశాను, “మాట్లాడనివ్వండి” అని.