అవుట్‌బాక్సులో పదకొండు ఉత్తరాలు

మా దీవులకి సముద్రం అడుగునుంచి కేబుల్ ఇంకా రాని కాలం అది. అప్పట్లో ఇంటర్నెట్ కూడా మాకు ఓడలాగే వచ్చేది. ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చిందంటే మాత్రం చేతిలో పని వదిలేసి పరిగెత్తాలి. అందుకని పోర్ట్‌బ్లెయిర్ ఆఫీసుల్లో మెయిళ్ళు ముందే రాసి అవుట్‌బాక్సులో పెట్టి ఉంచేవాళ్ళు. లైను రాగానే అన్నీ ఒక్కసారిగా పోయేవి. ఈ సంగతి మా వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. తెలిసి తెలిసీ నేను వెలగబెట్టిన ఘనకార్యం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆ ఊళ్ళోనే డాలీగంజ్ పేటలో పుట్టి పెరిగిన నేను మూడు నెలల కంప్యూటర్ కోర్సు పూర్తిచేసి (ఆ సర్టిఫికెట్టును మా అమ్మ ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కనే తగిలించింది) మిడిల్ పాయింట్ సెంటర్లో పడవ ఇంజన్ల సామాన్లు అమ్మే దుకాణంలో చేరాను. అక్కడ మెయిళ్ళన్నీ అందరూ దీదీ అని పిలిచే ఒకావిడ చూసేది. మా వాళ్ళలాగే ఆవిడ పెద్దలూ ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. రోజూ తుష్నాబాద్ నుంచి బస్సులో వచ్చేది. జాలర్లు తమ ఇంజన్లో పాడైన ముక్కను పేపర్లో చుట్టి తెచ్చి, బల్లమీద పెట్టి గోడు చెప్పుకునేవారు. ఆవిడ ఒక్కొక్కరి చేతా మూడేసి సార్లు చెప్పించుకుని, ముక్క మీది నంబరు చూసి, చెన్నై గోడౌనుకి ఇంగ్లీషులో మెయిల్ కొట్టి, దాన్నే మళ్ళీ తెలుగులో చదివి వినిపించి, ముక్క వాళ్ళ చేతికిచ్చి పంపేది. కాగితం మీద ఒక్క అక్షరం రాసుకునేది కాదు.

ఆ కంప్యూటర్లో స్పెల్‌చెక్ చెడింది. ఏ మాట కొట్టినా కింద ఎర్రగీత. జాలరి అప్పలరాజు పేరు తప్పు, తుష్నాబాద్ తప్పు, చివరికి ఇంజన్ కూడా తప్పే. ప్రతి మెయిల్‌కీ దీదీ నలభైసార్లు 'వదిలెయ్' అనే బటన్ నొక్కేది, విసుగన్నది లేకుండా. ఆవిడకి లేని బాధ నాకొచ్చింది. ఒకపూటంతా కూర్చుని పేర్లన్నీ దాని నిఘంటువులో చేర్చాను. ఆ ఊపులో నా తప్పులన్నీ కూడా చేర్చేశానట. మర్నాటి నుంచి అది దేన్నీ తప్పనడం మానేసింది! ఇక లాభం లేదని, ఓ బుధవారం దీదీ బ్యాంకుకెళ్ళిన సమయం చూసి, స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లోంచి కొత్త మెయిల్ ప్రోగ్రాము ఎక్కించాను. పాత మెయిళ్ళన్నీ దాంట్లోకి వచ్చాయి. శుభ్రంగా ఉంటుంది కదాని పాతదాన్ని పీకి పారేశాను.

దీదీ వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, కొత్త తెరను కాసేపు మెచ్చుకోలుగా చూసింది. "బహుత్ బఢియా. ఎర్రగీతలే లేవు. మరి నిన్నా మొన్నా రాసి ఉంచినవి ఏవి భయ్యా? పదకొండు ఉండాల."

తెరంతా వెతికాను. వచ్చిన మెయిళ్ళు వచ్చాయి, పంపిన మెయిళ్ళు వచ్చాయి, పంపవలసినవి మాత్రం పాతదానితో పాటే పోయాయి. ఆ పదకొండింటిలో ఒకటి సాక్షాత్తూ మా చిన్నాన్నది. గేరు పళ్ళు అరిగిపోయి ఆయన పడవ పది రోజులుగా జంగ్లీఘాట్ ఒడ్డున పడి ఉంది. నాలుగింటికి లైను వస్తుందన్నారు. అప్పుడు మెయిల్ పోకపోతే మర్నాడు చెన్నైలో ఓడకి సామాను ఎక్కదు. ఆ ఓడ తప్పితే ఇంకో ఇరవై రోజులు ఆగాలి. ఆ పడవ మీద నాలుగు కుటుంబాలు బతుకుతున్నాయి.

"రోనా బంద్ కర్," అంది దీదీ. (నేను ఏడవలేదు. ఏడవబోతున్నానంతే.) "కుర్చీ ఇలాగియ్యి."

కళ్ళు మూసుకుని కూర్చుంది. "అప్పలరాజు... 'పంపు తిరిగితే కటకటా అంతంది దీదీ' అన్నాడు..." అని అతని గొంతుతోనే అని, కళ్ళు తెరిచి టకటకా కొట్టేసింది. నంబర్లతో సహా! అలా ఒక్కొక్క మనిషినీ కళ్ళ ముందు నిలబెట్టుకుని పది ఉత్తరాలు తిరగరాసింది. పదకొండోదాని దగ్గర ఆగింది.

"మీ చిన్నాన్నది నంబరు గుర్తు రాట్లేదు. ఎల్లి ఆ ముక్క పట్రా. జల్దీ."

చిన్నాన్న దగ్గర ఫోను లేదు. బస్సెక్కాను. దారిపొడుగునా అబద్ధాలు వెతుక్కున్నాను. 'లైను లేదు' అంటే మా ఊళ్ళో ఎవరైనా నమ్ముతారు, పెళ్ళి ఆగిపోయిందన్నా లైను లేకే అనుకుంటారు. తీరా ఒడ్డున చిన్నాన్నా, మిగతా ముగ్గురూ వల బాగుచేసుకుంటూ నావైపు తలెత్తి చూసేసరికి ఒక్క అబద్ధమూ నోటికి రాలేదు.

"ఏట్రా, ఈ ఓడకి మన సామాను వస్తాదా?"

"మెయిల్ పోలేదు చిన్నాన్నా. నేనే పోగొట్టాను."

ముగ్గురూ వల వదిలేశారు. నాలుగింటికి లైనుందనీ, నంబరు కోసం గేరు కావాలనీ గబగబా చెప్పాను. చిన్నాన్న లేచి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. "ఇందుకేనేట్రా ఆ కోర్సు సదివావు!" అని, పడవలోంచి జిడ్డు కారుతున్న ఆ గేరు తెచ్చి, నా కొత్త చొక్కాకి ఆనించి పెట్టాడు. "నాలుక్కి లైనంటే ఇంకా నిలబడ్డావేటి? ఎల్లు!"

నాలుగింటికి పది నిమిషాలుండగా దుకాణంలో పడ్డాను. తెరమీద పదకొండో ఉత్తరం అప్పటికే సిద్ధంగా ఉంది, నంబరుతో సహా. గేరు తిప్పి చూశాను. ఒక్క అంకె తేడా లేదు.

"గుర్తు లేదన్నారు కదా దీదీ!"

"నంబరెక్కడికి పోతాది? మీ చిన్నాన్నకి ఏటి చెప్పావు?"

"నేనే పోగొట్టానని చెప్పాను."

"లైను లేదని చెప్పలేదా?"

"లేదు దీదీ."

కళ్ళజోడు పైనుంచి నన్ను ఒక్క క్షణం చూసింది. "ఠీక్ హై. ఇప్పుడు నీకు కంప్యూటర్ ఇవ్వొచ్చు," అని కుర్చీలోంచి లేచి, నన్ను కూర్చోబెట్టింది.

లైను వచ్చింది. పదకొండూ ఒకదాని వెంట ఒకటి వెళ్ళిపోయాయి. గేరు ఆ ఓడకే దిగింది, చిన్నాన్న పడవ ఆ వారంలోనే వేటకి పోయింది. అటువంటి మనిషి దగ్గర పని నేర్చుకోవడం నా అదృష్టం, ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేకపోయాను. తర్వాత ఎన్ని ప్రోగ్రాములు మార్చానో, ఎన్ని మెయిళ్ళు పోగొట్టానో నాకే తెలీదు. ప్రతిసారీ వెళ్ళి నేనే పోగొట్టానని చెప్పాను, ఒకటి రెండుసార్లు ఉద్యోగం పోయేదాకా వచ్చింది కూడా. ఏ అబద్ధమైతే బాగా అతుకుతుందా అని జంగ్లీఘాట్ దాకా ఎంచుకుంటూ పోయి, ఒక్కటీ ఆడలేక నిలబడిపోయిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త ముచ్చట కూడా వేస్తుంది.