వెంకాయమ్మ ముక్కు కేసు

2017లో తెనాలి కోర్టులో నడిచిన కేసు ఇది. యాక్సిడెంట్ కేసులకి ట్రిబ్యునల్ అనే పేరు పెద్దదేగానీ, దానికి వేరే భవనమేమీ ఉండదు. అదే జడ్జిగారు, అదే హాలు, గాలి తక్కువ చప్పుడు ఎక్కువ ఇచ్చే అవే ఫ్యాన్లు. అప్పట్లో బాపట్ల, రేపల్లె కోర్టులకీ తిరిగేవాణ్ణి. నేను క్రాస్‌కి, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడానికి లేచానంటే, కిటికీలో పావురాలు కూడా నోరు మూసుకునేవి. సరే, ఒప్పుకుంటా. పావురాలు నన్నెప్పుడూ లెక్కచేయలేదు.

వెంకాయమ్మది రేపల్లె అవతల సముద్రం ఒడ్డున ఊరు. మొగుడు వేటకెళ్లి తిరిగి రాలేదు. ఇద్దరు ఆడపిల్లల్ని ఎండుచేపల గంపతోనే పెంచుతోంది. పొద్దున్నే రేవులో నెత్తళ్లు, రొయ్యపొట్టు కొనుక్కుని, ప్యాసింజర్ ఎక్కి తెనాలి మార్కెట్‌లో అమ్మేది. ఓ రోజు ప్యాసింజర్ తప్పిపోయి ఆటో ఎక్కితే, భట్టిప్రోలు దగ్గర దాన్ని లారీ గుద్దింది. తల వెనక భాగం ఇనప కమ్మీకి కొట్టుకుంది. గాయం మానింది, జుట్టు కూడా మొలిచింది. వాసన మాత్రం పోయింది.

"అసలేమీ తెలీదా అమ్మా?" అనడిగాను.

"గ్యాసు లీకైతే పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి కట్టేసింది బాబూ. నేను స్టవ్వు పక్కనే కూచోనున్నా."

డాక్టరు అనోస్మియా అని సర్టిఫికెట్ ఇచ్చాడు. వాసన తెలియకపోవడానికి డాక్టర్లు పెట్టిన పేరు అది. కానీ కోర్టుకి అదొక్కటే చాలదు. దెబ్బ వల్ల సంపాదన ఎంత దెబ్బతిందో చూపించాలి. ఫంక్షనల్ డిజెబిలిటీ అంటాం. అది రుజువు కాకపోతే ఆస్పత్రి బిల్లులకి సరిపడా ఇచ్చి పంపిస్తారు. కాళ్లూ చేతులూ బాగున్న మనిషికి అంతకుమించి ఎవరిస్తారు?

ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున కరీం గారు. మంచి మనిషి, తియ్యటి గొంతు. ఆయన క్రాస్ చేస్తుంటే సాక్షికి పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టుంటుంది.

"చేతులు బాగున్నాయా అమ్మా?"

"బాగున్నయ్యండి."

"గంప మోస్తున్నావా?"

"మోస్తన్నానండి. మోయకపోతే ఎట్టా గడుస్తది?"

"అంటే వ్యాపారం ఆపలేదు."

"ఆపలేదండి."

ఆయన ఇంకాస్త తియ్యగా, "మరి వాసన తెలీకుండా మంచి సరుకేదో, చెడ్డదేదో ఎలా తెలుస్తుందమ్మా?" అన్నారు.

"కోటమ్మ వాసన చూసి చెబుతదండి. మార్కెట్‌లో నా పక్కనే కూచుని అమ్మే ఆవిడ."

"చూశారు కదా సార్, వ్యాపారం నడుస్తోంది, సాయానికి మనిషీ ఉంది" అని జడ్జిగారికి దణ్ణం పెట్టి కరీం గారు కూర్చున్నారు. కేసు పోయిందనుకున్నాను.

జడ్జిగారు కళ్లజోడు తీశారు. "కోటమ్మ కూడా అవే చేపలు అమ్ముతుంది కదమ్మా. పోటీ మనిషి నీకెందుకు చూసి పెడుతుంది?"

"ఊరికే ఎందుకు చూస్తదండి. రేవులో కొనేటప్పుడే వాసన చూసి మంచి పోగులు తను తీసుకుంటది. మిగిలినయ్యి నాకంటది. తడి తగిలిన నెత్తళ్లు కంటికి బానే ఉంటయ్యండి. అయ్యి నాకే వస్తయ్యి. కొన్నవాళ్లు మర్నాడు తెచ్చి మొహాన కొడతన్నారు. అంతకుముందు రేవులో మొదటి పోగు నాదేనండి."

ఆ జవాబుని జడ్జిగారు ముక్క వదలకుండా స్టెనోకి చెప్పి రాయించారు. తీర్పులో సంపాదన నష్టం కింద మేం ఆశించినదాంట్లో చాలావరకు ఇచ్చారు. పిల్లల చదువు ఆగలేదు.

ఆ తర్వాత నా జూనియర్లందరికీ చెప్పేవాణ్ణి: "కోటమ్మ సంగతి అఫిడవిట్‌లో కావాలనే రాయలేదురా. క్రాస్‌లో కరీం గారి చేతే తవ్వించా." నోట్సు రాసుకునేవాళ్లు పాపం. అసలు సంగతేంటంటే, కోటమ్మ అనే మనిషి ఉందని నాకూ ఆ బోనులోంచి వినబడ్డప్పుడే తెలిసింది.

ఆ రోజు సాక్ష్యం అయిపోయి వరండాలోకి రాగానే, "ఈ మాట నాకెందుకు చెప్పలేదమ్మా?" అని కసిరాను.

"మీరు తలకాయ గురించి అడిగారు బాబూ. చేపల గురించి అడగలా."

అప్పట్నుంచీ నా దగ్గరికి ఏ దెబ్బతో ఎవరొచ్చినా, దెబ్బ సంగతి తర్వాత. పొద్దున లేచిన దగ్గర్నుంచి నీ పనేంటో చెప్పు అంటాను. కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఆపకుండా వింటాను. నలభై ఏళ్ల ప్రాక్టీసులో నేర్చుకున్న క్రాస్ విద్య అంతా కలిపినా ఈ ఒక్క ప్రశ్నకి సరిపోదు.

కరోనాలో కరీం గారు ఫోన్ చేశారు. "వాసన పోయిందండీ. పాలు విరిగాయో లేదో మా ఆవిడ చెబితేగానీ తాగట్లేదు. ఆ వెంకాయమ్మకి తిరిగొచ్చిందా?"

"ఏమో, కనుక్కోలేదండీ" అన్నాను. సిగ్గేసింది.

లాక్‌డౌన్ ఎత్తేశాక మార్కెట్‌కెళ్లాను. మనిషి కాస్త ఒళ్లు చేసింది. కోటమ్మ పక్కన కాదు, వేరే చోట సొంత బల్ల వేసుకుంది.

"నాకు రాలేదు బాబూ. మా పెద్దది చూసి పెడతంది ఇప్పుడు. ఇయ్యాళ దానికి పరీక్ష, రాలా." గుప్పెడు నెత్తళ్లు తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. "ఎట్టున్నయ్యి?"

"బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా" అన్నాను, అలవాటుగా.

చెయ్యి తియ్యలేదు. నా మొహంలోకే చూస్తోంది. "బాబూ, మీరు లాయరు. నాకు మాత్రం నిజం చెప్పండి."

ఈసారి నిజంగా వాసన చూశాను. "ముక్కినట్టున్నాయమ్మా."

ఆ పోగంతా బల్ల మీంచి తీసి కింద గోతాంలో పోసేసింది.