దారులు మూసుకుపోవాలని మొక్కిన తల్లి

2022. కరోనా నెమ్మదించి స్టూడియోల తాళాలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్న ఏడాది. మా డబ్బింగ్ స్టూడియో పాతబస్తీలో, పత్తర్‌గట్టి వెనక గల్లీలో, ఒక పాత రాతి భవనం మొదటి అంతస్తులో ఉంటుంది. ఇంత రద్దీలో స్టూడియో ఏమిటని కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. ఆ గోడల మందం చూశాక ఇంకేమీ అనరు. కింద బజారు ఎంత లొల్లి చేసినా లోపల మైకుకు అందదు. అజాన్ ఒక్కటే అందుతుంది. ఆ కాసేపు రికార్డింగ్ ఆపి చాయ్ తాగడం మాకు ఏళ్ళ తరబడి అలవాటు.

నేను డబ్బింగ్ డైరెక్టర్ని. వేరే భాషలో తీసిన కార్యక్రమం తెలుగులోకి వచ్చేటప్పుడు ఎవరి మాటకు ఏ గొంతు పెట్టాలో చూసి, ఆ గొంతు చేత పలికించడం నా పని. సినిమాలకు చేసేది లిప్ సింక్, అంటే పెదవుల కదలికకు మాటను అతకడం. డాక్యుమెంటరీలకు చేసేది వాయిస్ ఓవర్. తెర మీది మనిషి తన భాషలో మొదలుపెడతాడు, కొద్ది క్షణాల్లో ఆ గొంతు సన్నగిల్లి దాని మీద తెలుగు గొంతు వస్తుంది. చూసేవాళ్ళకు ఇది తేలిక పనిలా కనిపిస్తుంది. ఏడుస్తున్న మనిషి మీద ఏడవకుండా మాట్లాడటం ఎంత కష్టమో మైకు ముందు నిలబడితే తెలుస్తుంది.

ఆ ఏడాది మాకు వచ్చిన పెద్ద పని, ఒక పరాయి దేశపు అంతర్యుద్ధం మీద తీసిన టీవీ సిరీస్. ఒప్పందం ప్రకారం ఆ దేశం పేరు రాయకూడదు. సైన్యం ఒక వైపు, తిరుగుబాటుదార్లు ఒక వైపు, మధ్యలో మామూలు జనం. నాయకులకు, చరిత్రకారులకు గొంతులు సులువుగానే దొరికాయి. చిక్కంతా ఒక ముసలామెతో వచ్చింది. పశువులు కాచుకునే మనిషి. ఒక కొడుకు సైన్యంలో చేరాడు, రెండోవాడు తిరుగుబాటుదార్లలో కలిశాడు. ప్రతి భాగంలో ఆమె మాట లేకుండా కాసేపు కనిపిస్తుంది, నోరు విప్పేది ఆఖర్నే. చివరి భాగం ఆమె మాటలతోనే ముగుస్తుంది.

ఆమె కోసం మా ఆర్టిస్టులను ఒక్కొక్కరినీ పిలిచి చూశాను. అందరూ చెయ్యి తిరిగినవాళ్ళే. కానీ ఎవరు పలికినా సీరియల్లో అత్తగారు వినిపిస్తోంది తప్ప ఆ తల్లి వినిపించడం లేదు. విసుగెత్తి ఇంటికి వచ్చి పడుకున్నాను. పొద్దున వాకిట్లో "పాలూ" అన్న కేక వినబడింది. ఆ కేకకు నేను ఎన్నో ఏళ్ళుగా నిద్ర లేస్తున్నాను. ఆ రోజు మాత్రం నేను వెతుకుతున్న గొంతు నా గుమ్మంలోనే ఉందని తెలిసింది.

ఆమె యాదమ్మ. మేముండేది గౌలిపురలో, మాకు వాడిక పాలు ఆమె దగ్గరివే. డెబ్బై దాటినా నడుము వంగలేదు. ఆమెకు ఇద్దరు కొడుకులు, పెద్దవాడు మల్లేశ్, చిన్నవాడు శ్రీశైలం. తండ్రి చనిపోయిన ఏడాది, దీపావళి తర్వాత వచ్చే సదర్‌లో, ఇంటి దున్నపోతు పగ్గం ఎవరు పట్టాలని అన్నదమ్ములకు మాట పెరిగింది. సదర్ అంటే మాకు దున్నపోతుల పండుగ. కొమ్ములకు రంగులేసి, మెడలో పూలదండలేసి, డప్పుల మధ్య వాటిని ఊరేగిస్తారు. ఆ పగ్గం పట్టడం ఇంటి పెద్దరికం. బస్తీ అంతా చూస్తుండగా ఇద్దరూ కలబడి కొట్టుకున్నారు. ఆ వారంలోనే కొట్టం మధ్యన గోడ లేచింది. అప్పట్నుంచి ఒకడి గడప ఇంకొకడు తొక్కడు. తల్లి పొద్దున పెద్దవాడి ఇంట్లో, మాపున చిన్నవాడి ఇంట్లో తింటుంది. అడకత్తెరలో పోకచెక్క బతుకు.

నేను ఆమెను అడిగింది ఈ సంగతి మనసులో పెట్టుకుని కాదు. నాకు కావలసింది గొంతు. అయితే ఛానళ్ళకు ఒక నియమం ఉంటుంది, దాన్ని న్యూట్రల్ తెలుగు అంటారు. ఏ ప్రాంతపు యాసా తగలకుండా అందరికీ ఒకేలా వినబడే తెలుగు అన్నమాట. పశువుల మధ్య బతికిన తల్లి పుస్తకంలా ఎందుకు మాట్లాడుతుందని ఛానల్‌లో తెలుగు భాష చూసే మేడమ్‌తో ఫోన్లో వాదించాను. నేను పంపిన యాదమ్మ గొంతు శాంపిల్ విని, సరే, ఈ ఒక్క గొంతుకు ఒప్పుకుంటానన్నారు. నాకు చెప్పలేనంత సంతోషమేసింది.

రికార్డింగ్ రెండు పూటల పాలకూ మధ్యన పెట్టుకున్నాం. యాదమ్మ చేతులకు వెండి కడియాలు. చిన్న శబ్దమైనా మైకు పట్టేస్తుంది కనుక తీయమన్నాను. పెళ్ళినాటివి, తీయనంది. మా సౌండ్ ఇంజనీర్ ఇర్ఫాన్ భాయ్ నవ్వుతూ తన తువ్వాలు చింపి వాటికి చుట్టాడు. ఆమెకు చదువు రాదు. నేను హెడ్‌ఫోన్‌లో ఒక్కో వాక్యం అర్థం చెబుతాను, ఆమె దాన్ని తన మాటలో అంటుంది. ప్రాంప్టింగ్ అంటాం దీన్ని. మొదట నన్ను చూస్తూ మాట్లాడింది. నన్ను కాదు, తెర మీద ఆమెను చూడమన్నాను. చూసింది. ఆ తర్వాత నేను దాదాపు లేనట్టే అయింది.

చివరి మాటల దగ్గరకొచ్చేసరికి ఆగిపోయింది. ఆ ముసలామె అంటుంది, ఏ పక్షం గెలవాలని ప్రార్థించావని నన్ను అడుగుతారు, నేను ఏ పక్షం కోసమూ ప్రార్థించలేదు, నా కొడుకులు ఒకరికొకరు ఎదురుపడకుండా దారులన్నీ మూసుకుపోవాలని ప్రార్థించాను అని. యాదమ్మ హెడ్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకుంది.

"గిదేం మొక్కు సారు? కన్నతల్లి గట్ల మొక్కుతదా? కొడుకులు కలవాలె అని మొక్కుతది గని."

వాళ్ళిద్దరి చేతుల్లో తుపాకులున్నాయమ్మా, కలిస్తే ఒకడు పోతాడని చెప్పాను. హెడ్‌ఫోన్ మళ్ళీ తలకు తగిలించుకుంది.

"అయినా తప్పే," అంది. "సరే తియ్, ఆమె అన్నదంటున్నవు గద, నేను గూడ అంట."

అంది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. "ఎవల దిక్కు మొక్కినవని అడుగుతరు. నేను ఎవల దిక్కు మొక్కలే. నా కొడుకులు ఒగలకొగలు ఎదురుపడకుంట తొవ్వలన్ని మూసుకపోవాలె అని మొక్కిన." ఇర్ఫాన్ భాయ్ రికార్డింగ్ ఆపే మీట నొక్కడం మరిచిపోయాడు. ఇంకో టేక్ తీద్దామా అని అడిగితే, ముట్టుకోవద్దు సాబ్ అన్నాడు.

మెట్లు దిగుతూ యాదమ్మ అడిగింది, ఇది టీవీలో ఎప్పుడొస్తుందని. ఎందుకంత తొందర అన్నాను. అప్పుడు చెప్పింది తన మనసులో మాట.

"నా నోటితోని చెప్తే ఇద్దరు ఇంటలేరు సారు. టీవీల నా గొంతు వస్తే ఒక్కతాన కూసుండి ఇనరా? ఆ తల్లి గతి ఏమైందో ఆల్లకు ఎరుక గావాలె."

ఆ మాటతో నాకూ ఆశ పుట్టింది. అంతర్యుద్ధం గురించిన సిరీస్ ఒక కొట్టంలో గోడను కూలుస్తుందంటే నవ్వుతారేమో గానీ, నేను నిజంగానే నమ్మాను.

చివరి భాగం ప్రసారమైంది ఒక ఆదివారం సాయంత్రం. యాదమ్మ నన్నూ పిలిచింది. ఆమె ఉండేది రెండు వాటాల మధ్య మిగిలిన చిన్న గదిలో. టీవీలో తన గొంతు వస్తుందని ఇద్దరు కొడుకులకూ చెప్పింది, ఇంకొకడు కూడా వస్తున్నాడని మాత్రం ఎవరికీ చెప్పలేదు. మల్లేశ్ వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. తర్వాత శ్రీశైలం వచ్చి, అన్నను చూసి గడప దగ్గరే ఆగాడు. వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. తల్లి ముఖం చూసి గడప మీదే కూర్చున్నాడు. ఒకరినొకరు చూసుకోలేదు, పలకరించుకోలేదు. అయినా ఒక్క గదిలో ఉన్నారు. యాదమ్మ కొంగు సర్దుకుని ఇద్దరికీ మధ్యన నేల మీద కూర్చుంది. ఆమె కళ్ళలో ఆ మెరుపు నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

తెర మీద ముసలామె వచ్చింది. ఆమె సొంత గొంతు కొద్ది క్షణాలు వినిపించి సన్నగిల్లింది. దాని మీద తెలుగు వచ్చింది. "మీరు ఎవరి పక్షాన ప్రార్థించారని నన్ను అడుగుతుంటారు." స్పష్టమైన, తియ్యని, తీర్చిదిద్దిన గొంతు. ఎవరిదో నాకూ తెలియదు. అది యాదమ్మది కాదు.

యాదమ్మకు మొదట అర్థం కాలేదు. టీవీని చూసింది, నన్ను చూసింది. శ్రీశైలం లేచి నిలబడ్డాడు.

"మమ్మల్ని ఒక్కతాన కూసుండబెట్టనీకి గింత నాటకమా అమ్మా?"

నాటకం కాదని, పలికింది ఈమేనని, రికార్డ్ చేసింది నేనేనని గబగబా చెప్పాను. పాలు పోయించుకునే సారు తల్లి తరఫున అబద్ధమాడుతున్నాడనుకున్నారు. మల్లేశ్ ఇంకో మాట లేకుండా తన వాటాలోకి వెళ్ళాడు. శ్రీశైలం తన వాటాలోకి వెళ్ళాడు. రెండు తలుపులూ పడిన చప్పుడు వినిపించింది. తెర మీద పేర్లు పోతున్నాయి. యాదమ్మ కొడుకులను తిట్టలేదు, నన్నూ తిట్టలేదు. చాయ్ తాగి పో సారు అంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఛానల్‌కు ఫోన్ చేశాను. మేడమ్ ఉద్యోగం మారారట. ఆమె స్థానంలో వచ్చినాయన క్యూసీలో, అంటే ప్రసారానికి ముందు చేసే తనిఖీలో, ఈ గొంతు నియమానికి విరుద్ధంగా ఉందని తమ ఆఫీసులోనే వేరే ఆర్టిస్టు చేత చెప్పించి మార్చారట. మాకు చెప్పాల్సిన పని లేదు కూడా. ఫైలు ఒకసారి పంపాక అది వాళ్ళదే. ఈ పనిలో ఇది రోజూ జరిగేదే, మిగతావాళ్ళు తిట్టుకుని మరో పనిలో పడతారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. ఇక్కడ రెండు తలుపులు మూసుకున్నాయని ఆయనకు ఏ భాషలో చెప్పాలో నాకు తోచలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, స్టూడియోలో ఉన్న ఆమె ట్రాక్ నా ఫోన్లో వేసుకుని వెళ్ళాను. ఇద్దరినీ కలిపి వినిపిద్దామంటే ఎవరూ రానన్నారు. మల్లేశ్‌కు కొట్టంలో వినిపించాను. గడ్డి మోపు మీద కూర్చుని విన్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు. "శ్రీశైలం ఇన్నడా?" అని అడిగాడు. గోడ అవతల శ్రీశైలానికి వినిపించాను. వాడూ తలొంచుకుని విన్నాడు. "మా అన్న ఇన్నడా?" అన్నాడు. విన్నాడు, ఏడ్చాడు అని చెప్పాను. "ఇన్నంక మరి రాలేదేంది?" అన్నాడు. వెనక్కి వెళ్ళి చెబితే మల్లేశ్‌దీ అదే మాట. పెద్దోణ్ణి, నేనే పోవాల్నా అన్నాడు. ఇద్దరూ కరిగారు, ఎదుటివాడు ముందు రావాలని చూస్తూ మళ్ళీ గట్టిపడ్డారు.

మా పనిలో సింక్ అన్నిటికన్నా ముఖ్యం అంటాం. మాట ఎంత గొప్పదైనా బొమ్మ వెళ్ళిపోయాక వస్తే పనికిరాదు. ఇన్నేళ్ళూ దాన్ని తెరకు సంబంధించిన సూత్రమనే అనుకున్నాను. మనుషులకు కూడా అది వర్తిస్తుందని యాదమ్మ ఇంట్లో తెలిసింది. ఇద్దరూ ఒక్క గదిలో కూర్చున్నది ఒక్క సాయంత్రమే, ఆ సాయంత్రం వాళ్ళమ్మ గొంతు ఆ గదిలో లేదు. అప్పట్నుంచి ఏ కొత్త గొంతుకైనా మైకు ఇచ్చే ముందు, ఇది మారిపోవచ్చు, ఎవరికీ చెప్పుకోవద్దని చెబుతున్నాను. అది చెప్పినప్పుడల్లా యాదమ్మ కొంగు సర్దుకుని కూర్చున్న తీరు గుర్తొస్తుంది.

ఆ ఏడు దీపావళికి అన్నదమ్ములు చెరొక దున్నపోతును తెచ్చారు. రెండు ఊరేగింపులూ ఒక్క చౌరస్తా మీదుగానే పోవాలి. ఇద్దరి వెనకా కుర్రాళ్ళు జమయ్యారని, ఈసారి ఊరికే పోదని బస్తీలో అనుకుంటున్నారు. సదర్ నాటి పొద్దున యాదమ్మ ఎప్పటిలాగే పాలు తెచ్చింది. చూడ్డానికి పోతున్నావా అమ్మా అని అడిగాను.

"పోను సారు," అంది, గిన్నెలో పాలు పోస్తూ. "పొద్దుగాల మల్లన్న దేవునికి దీపం పెట్టిన. నా కొడుకులు ఒగలకొగలు ఎదురుపడకుంట తొవ్వలన్ని మూసుకపోవాలె అని మొక్కిన."

కొసరు పోసి, కొంగుతో చెయ్యి తుడుచుకుని పక్కింటికి వెళ్ళింది. ఈసారి ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పి పలికించలేదు.