బూడిద వాన కథకు మేం రాసిన సమీక్ష

కొత్త జిల్లాలు ఏర్పడిన రెండో ఏడు, బడులు తెరిచిన నెలలో, ప్రధానోపాధ్యాయుడి పనికి తోడు నాకు సైన్స్ అధికారిగా అదనపు బాధ్యత అప్పగించారు. అదనపు బాధ్యత అంటే ఏమిటో తెలియనివారికి చెబుతాను: కుర్చీ ఒకటి పెరుగుతుంది, దానితోపాటు మెమోలు పెరుగుతాయి. నాకు వచ్చిన మొదటి మెమో ఉట్నూర్‌లోని ఒక బాలికల గురుకుల పాఠశాల గురించి. అక్కడి లైబ్రరీలో ఉన్న పన్నెండు జపాన్ బొమ్మల పుస్తకాలు పిల్లలకు తగినవో కావో ముగ్గురు సభ్యుల సంఘం తేల్చాలి. ఆ సంఘానికి నేను కన్వీనర్‌ని.

జపాన్ వాళ్లు ఈ బొమ్మల కథలను మాంగా అంటారు. పాత్రల కళ్లు చాయ్ సాసర్లంత ఉంటాయి. మా దగ్గరికి వచ్చినవి ఇంగ్లీషు అనువాదాలు.

అక్కడ లైబ్రరీ బాధ్యత చూసేది స్వరూప అనే ఇంగ్లీష్ టీచర్. ఆమోదించిన జాబితాలో లేకపోయినా, పిల్లలు ఇష్టంగా చదువుతారని ఆమే ఈ పుస్తకాలను ఎంచి తెప్పించింది. ఇవి పిల్లలకు బాంబులు చేయడం నేర్పుతున్నాయని ఎవరో ఫిర్యాదు రాశారు. మేం 'తగదు' అని రాస్తే పుస్తకాలు మూటగట్టి వెనక్కి పంపేస్తారు. లైబ్రరీ తాళంచెవి స్వరూప చేతిలోంచి పోతుంది.

సంఘంలో రెండో సభ్యుడు రాజమల్లు గారు, పెద్దపల్లిలో కెమిస్ట్రీ లెక్చరర్. ఎర్ర పెన్ను లేనిదే ఇల్లు కదలని మనిషి. మూడో సభ్యురాలు నసీం మేడం, కరీంనగర్‌లో బయాలజీ టీచర్. పద్ధతి ప్రకారం ఒక్కొక్కరం నాలుగేసి సంపుటాలు చదివి, ఫారంలో అభిప్రాయం రాసుకోవాలి. విషయం సరైనదా, వయసుకు తగిందా, భాష అర్థమవుతుందా, చిత్రాల్లో అభ్యంతరం ఉందా అని ఆ ఫారంలో నాలుగు కాలమ్‌లుంటాయి. తర్వాత పుస్తకాలున్న బడికి వెళ్లి, చదివిన పిల్లలతో మాట్లాడి, అక్కడే సంతకాలు చేయాలి. కోడిగుడ్డుకు ఈకలు పీకడమంటే మాలాంటి సంఘాలకు మహా సరదా.

నసీం మేడం తన వాటా ఇంటికి తీసుకెళ్లారు. నేనూ రాజమల్లు గారూ మా స్టాఫ్ రూములో కూర్చుని చదివాం. ఎలాగో కూడదీసుకుంటే కథ ఇది. ఒక అగ్నిపర్వతం పేలి నెలల తరబడి బూడిద వాన కురుస్తుంది. నగరాలు మూతబడతాయి. బతికిన కొద్దిమందిలో హనా అనే బడిపిల్ల, గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన ఉంటారు. ఇద్దరూ కలిసి ఉప్పు, సున్నం, సబ్బు, గాజు, ఆమ్లం, బ్యాటరీ ఒకదాని వెంట ఒకటి తయారుచేసుకుంటూ మళ్లీ బతుకు నిలబెట్టుకుంటారు.

కూడదీసుకుంటే అని ఎందుకన్నానంటే, చదువుతుంటే అంతా అయోమయంగా ఉంది. ఒక మనిషి ముందు చచ్చిపోతాడు, పది పేజీల తర్వాత పరిచయమవుతాడు. ముసలాయన ప్రశ్న అడక్కముందే హనా జవాబు చెప్పేస్తుంది. చాలా పేజీలకు అంకెలు కూడా లేవు. నేను తల గోక్కుంటుంటే రాజమల్లు గారు ధైర్యం చెప్పారు: "గది వాళ్ల శైలి సార్. ఆఖరు ముచ్చట ముందుగాల చెప్తరు. పిల్ల గూడ మస్తు తెలివిగలది, అడగకముందే చెప్తున్నది." ఆయన అంత గట్టిగా చెబితే నేను నమ్మాను. జపాన్ సాహిత్యం గురించి మా ఇద్దరికీ తెలిసింది సమానమే.

అసలు తంటా ఏడో సంపుటంలో వచ్చింది. ఒక పేజీలో మాటల్లేవు, బొమ్మలే. హనా ఒక జాడీలో గాఢ గంధకామ్లం పోస్తుంది, తర్వాత కుండతో నీళ్లు తెచ్చి అందులో కుమ్మరిస్తుంది. రాజమల్లు గారు కుర్చీలోంచి లేచారు. ఆమ్లాన్ని నీళ్లలో కొద్దికొద్దిగా పోయాలి గానీ నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. పోస్తే ఒక్కసారిగా వేడెక్కి ముఖాన చిమ్ముతుంది. కెమిస్ట్రీ చెప్పేవాళ్లందరికీ అది మొదటి పాఠం. "పిల్లల కండ్లు పోతయి సార్," అంటూ ఎర్ర పెన్నుతో 'ప్రమాదకరం, తగదు' అని రాశారు. ఆయన రాసింది కాదనడానికి నాకు కారణం కనబడలేదు.

ఆ శనివారం ముగ్గురం జీపులో ఉట్నూర్ వెళ్లాం. వాన వెలిసి అడవి కడిగినట్టుంది. దారిలో అడిగితే నసీం మేడం తన నాలుగు సంపుటాలకూ 'చాలా బాగుంది' అని రాశానన్నారు. రాజమల్లు గారు నావైపు చూసి, మేడం పైపైన తిరగేసి ఉంటారని కళ్లతోనే చెప్పారు.

మేం వెంట తెచ్చిన పుస్తకాలన్నీ స్వరూప లైబ్రరీ బల్లమీద వరుసగా పెట్టి నిలబడింది. రాజమల్లు గారు ఏడో సంపుటం తెరిచి తప్పు చూపించారు. ఆమె ముఖం పాలిపోయింది. "గట్ల లేదు సార్, నేనైతే సదవలే గాని మా పిల్లలు సక్కగనే చెప్పిన్రు," అంది. నాకు ఆమె మీద నిజంగా జాలేసింది. కానీ పిల్లల కళ్ల సంగతి కదా, జాలికి ఫారంలో చోటు లేదు.

అప్పుడు నసీం మేడం చేయి చాచారు. "జర ఇటియ్యుండ్రి సార్. మీరిద్దరు ఎటుదిక్కు నుంచి సదివిన్రు?"

ఎటు నుంచేమిటి, అందరూ చదివినట్టే అన్నాం. మేడం పుస్తకాన్ని బోర్లా తిప్పి, మేం వెనక అట్ట అనుకున్నదాన్ని తెరిచారు. ఆమె పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. బొమ్మల పుస్తకం చేతికి రాగానే చిన్నప్పటి అలవాటు కొద్దీ కుడివైపు నుంచి తెరిచారట. కథ నీళ్లలా సాగిపోయింది కాబట్టి ఆమెకు అనుమానమే రాలేదు. అలా కుడి నుంచి ఎడమకు చూస్తే, హనా ముందు జాడీలో నీళ్లు నింపుతుంది, తర్వాతే ఆమ్లాన్ని బొట్టుబొట్టుగా వదులుతుంది.

రాజమల్లు గారు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "మేడం, ఉర్దూ ఉర్దూనే, జపాన్ జపానే. గిట్లనే సదవాలనెటందుకు రుజువేంది?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

స్వరూప గబగబా వెళ్లి భీంబాయి అనే తొమ్మిదో తరగతి అమ్మాయిని పిలుచుకొచ్చింది. పుస్తకాలు కొత్తగా వచ్చినప్పుడు పిల్లలు కూడా మాలాగే తికమకపడ్డారట. ఆ అమ్మాయి అదే పేజీలో బల్లమీది కొవ్వొత్తిని చూపించింది. కుడిపక్క బొమ్మలో అది జానెడుంది, ఎడమపక్క చివరి బొమ్మలో బొటనవేలంత.

"కొవ్వొత్తి కాలినకొద్ది చిన్నగైతది గద సార్," అంది. "మీరు సదివినట్టైతే పెరుగుతది."

రాజమల్లు గారు కళ్లజోడు తుడుచుకుని కొవ్వొత్తిని మళ్లీ చూశారు, మళ్లీ తుడుచుకున్నారు. తర్వాత మొదలైంది ఆయన నవ్వు. "నేనే దొర్కిన్నా సార్! నాలుగు బుక్కులు ఎన్కకెల్లి సదివి, పిల్ల తెలివిగలదని మార్కులు గూడ ఏసిన!" అంటూ బల్ల చరిచి నవ్వారు. నసీం మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తలుపు దగ్గర గుమిగూడిన పిల్లలకు విషయం అందగానే వరండా అంతా నవ్వులు. నేను కన్వీనర్‌గా గంభీరంగా ఉండాలని చూశాను గానీ నావల్ల కాలేదు.

ఇక్కడొక సంగతి. మనలా ఎడమవైపు నుంచి తెరిచేవారికోసం 'ఇది చివరి పేజీ, అటు తిప్పి చదవండి' అని ప్రచురణకర్తలు పెద్ద అక్షరాలతోనే వేశారు. లైబ్రరీ నిబంధన ప్రకారం, పుస్తకం తిరిగివ్వాల్సిన తేదీ వేసే గడువు చీటీ ఎడమ అట్ట తెరవగానే కనిపించే పేజీకి అంటించాలి. స్వరూప నిబంధన తు.చ. తప్పకుండా పాటించింది. పన్నెండు సంపుటాల్లోనూ చీటీ ఆ సూచన మీదే కూర్చుంది.

భోజనానికి ముందు చేతులు కడుక్కోవడానికి భీంబాయి కొబ్బరి చిప్పలో గోధుమరంగు ముద్ద తెచ్చింది. నాలుగో సంపుటం చూసి పిల్లలు స్వరూప దగ్గరుండగా చేసిన సబ్బు. కథలో హనా మొదట అగ్నిపర్వతం బూడిదతో ప్రయత్నించి విఫలమవుతుంది, తర్వాత కట్టెల బూడిదతో సాధిస్తుంది. కట్టెల బూడిద నీళ్లలోనే క్షారం దిగుతుంది కనుక అది సరైన సైన్సే. హనా చేపనూనె వాడితే వీళ్లు ఇప్ప గింజల నూనె వాడారు. పొటాష్ సబ్బు గనక గట్టిపడలేదు, వాసనా గొప్పగా లేదు. నురుగు మాత్రం బాగా వచ్చింది. రాజమల్లు గారు రెండుసార్లు కడుక్కున్నారు.

అక్కడే నివేదిక రాశాం. విషయం సరైనది, వయసుకు తగింది, భాషకు నిఘంటువు తోడుంటే చాలు, చిత్రాల్లో అభ్యంతరం లేదు. ఆమ్లంతో చేసే ప్రయోగాలు టీచర్ లేకుండా చేయరాదనే షరతు పెట్టాం. గడువు చీటీలు మరో చోటికి మార్చాలని ఒక సూచన చేర్చాం. రాజమల్లు గారు తన పాత 'తగదు'ను కొట్టేసి, అదే ఎర్ర పెన్నుతో 'తగును' అని రాసి సంతకం చేశారు. స్వరూప తాళంచెవిని కొంగున ముడేసుకుంటూ కళ్లు తుడుచుకుంది. తిరిగి బయల్దేరే వేళకు జీపు ఎన్ని హారన్లు కొట్టినా రాజమల్లు గారు రాలేదు. వెళ్లి చూస్తే పిల్లల బెంచీ మీద కూర్చుని మొదటి సంపుటం చదువుతున్నారు, కుడి నుంచి.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా చాలా పుస్తకాలు పరిశీలించాను. తప్పు ఎంచే ముందు పుస్తకం ఎటు నుంచి మొదలవుతుందో తెలుసుకోవాలని ఉట్నూర్‌లో నేర్చుకున్నాను. మా ఫారంలో దానికి కాలమ్ లేదు. ఉన్న నాలుగింటికి పైన, ప్రతిసారీ పెన్నుతో నేనే ఒక గడి గీసుకునేవాడిని.