రెండున్నర చుట్లు

యుద్ధం రోజుల్లో నారాయణఖేడ్‌లో బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు బయల్దేరాలంటే దాని వెనకున్న పొయ్యి రాజుకోవడానికే గంట పట్టేది. ఒక ఉదయం అలా కూర్చుని ఉండగా, పక్కనున్న రైతు మూట విప్పి నిమ్మకాయంత ఇంజను చూపించాడు. బొమ్మ విమానానిదట.

"నడుస్తదా?" అన్నాను.

"మా తమ్ముడు నడుపుతుండె. ఇంట్ల పెడితే పోరగాండ్లు కదుపుతరని ఎంట తెచ్చిన."

అప్పటికి మోటారు షెడ్డులో నాకు మూడేళ్ల అనుభవం, అంతకు మించిన పొగరు. ఇంజను అందుకుని, పెట్రోలు ఎంత రావాలో చూసే చిన్న మరను చివరిదాకా బిగించేశాను.

"మస్తు వదులున్నది. పెట్రోలు ఎక్కువైతది" అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

"గా మర మా తమ్ముడు పెట్టిపోయిండు. నేనొచ్చేదాంక కదపకన్నడు. లడాయికి పోయి ఏడాదాయె, ఉత్తరం లేదు. ఎన్ని చుట్లు తిప్పినవ్, తమ్మీ?"

నేను లెక్కపెట్టలేదు.

"రెండున్నర" అన్నాను.

ఆయన గోటితో మెల్లగా రెండున్నర చుట్లు వెనక్కి తిప్పి, మూట కట్టుకున్నాడు. మనూర్‌లో దిగేదాకా, మరిచిపోకుండా, "రెండున్నర, రెండున్నర" అని గొణుక్కుంటూనే ఉన్నాడు.